బయోమెడికల్ పీహెచ్‌డీకి 40 లక్షల అప్పు అక్కర్లేదు

విజయవాడ, గుంటూరు ఇంజనీరింగ్ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. అమెరికాలో బయోమెడికల్ పీహెచ్‌డీ కావాలంటే ముందు 40 లక్షలు అప్పు చేసి ఎంఎస్ చదవాలట. ఈసీఈ, మెకానికల్ వాళ్లకు సీటు రాదట. జీఆర్ఈ (అక్కడి పీజీ, పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష) స్కోరుండి, వందమంది ప్రొఫెసర్లకు మెయిల్ కొడితే పనైపోతుందట. ఇంతా చేసి ప్రొఫెసరైనా చేసేది పాఠాలు చెప్పడమేనట. ఇందులో ఒక్కటీ నిలవదు.

ముందు అప్పు సంగతి. అక్కడ చాలా పీహెచ్‌డీలకు బీటెక్‌తోనే నేరుగా అప్లై చేయొచ్చు. సీటొస్తే మామూలుగా ట్యూషన్ ఫీజు వాళ్లే భరిస్తారు, స్టైపెండ్ కూడా ఇస్తారు. అప్పయ్యేది ఎంఎస్‌కు. ఆ రెండింటినీ కలిపేసి తల్లిదండ్రులను భయపెట్టడం అన్యాయం.

బ్రాంచి అడ్డు కాదు. ఈ రంగంలో పేరుమోసిన ఎంఐటీ ప్రొఫెసర్ రాబర్ట్ లాంగర్ చదివింది కెమికల్ ఇంజనీరింగ్. మనవాళ్లకు ఉండే లోటు ఫిజియాలజీ, అంటే శరీరం పనిచేసే తీరు; దాన్ని ఐఐటీలు ఆన్‌లైన్‌లో ఇచ్చే ఎన్‌పీటీఈఎల్ కోర్సుతో పూడ్చుకోవచ్చు.

జీఆర్ఈని చాలా డిపార్ట్‌మెంట్లు అడగడమే మానేశాయి. కాపీ పేస్ట్ మెయిల్‌ను ఎవరూ చదవరు. ఎక్కువచోట్ల సీటు తేల్చేది కమిటీ, అది చూసేది మీరు సొంతంగా చేసిన పని. ఉదాహరణకు ఈసీజీ ప్రాజెక్టు: గుండె విద్యుత్ సంకేతాల రికార్డు చూసి తేడా ఉన్న బీట్లను (గుండె చప్పుళ్లను) కంప్యూటర్ పట్టుకునేలా నేర్పడం. ఫిజియోనెట్ అనే వైద్య డేటా వెబ్‌సైట్‌లో ఎంఐటీ-బీఐహెచ్ ఈసీజీ డేటా ఉచితం: 48 రికార్డులు, ఒక్కోటి అరగంట, సెకనుకు 360 శాంపిళ్లు (కొలతలు). ఇక్కడే రెండు తప్పులు జరుగుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా అని 50 దగ్గర నాచ్ ఫిల్టర్ (ఒక్క ఫ్రీక్వెన్సీని తీసేసే ఫిల్టర్) పెడతారు. అది అమెరికా రికార్డింగ్, అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, కాబట్టి రికార్డులో కలిసిన కరెంటు హమ్ అలాగే ఉండిపోతుంది. రెండోది ఇంకా పెద్దది. ఒకే పేషెంట్ బీట్లను ట్రైనింగ్‌లోనూ (ప్రోగ్రామ్‌కు నేర్పేటప్పుడు) టెస్టింగ్‌లోనూ (దాన్ని పరీక్షించేటప్పుడు) కలిపేసి 99 శాతం అక్యురసీ అని రాస్తారు. తెలిసినవాళ్లు మొదట అడిగేది అదే. పేషెంట్లవారీగా విడదీసి, తగ్గిన అంకెనే రాయండి, దానికే విలువ.

రికమెండేషన్ లెటర్లు సాధారణంగా మూడు కావాలి. మూడూ విద్యార్థే రాసి సంతకాలు పెట్టించుకుంటే ఒకే వాక్యాలు దొర్లుతాయి, దొరికిపోతారు. ప్రాజెక్టు గైడ్‌కు మీ కోడ్, రిజల్ట్స్ ఇచ్చి ఆయన్నే రాయమనండి, కాలేజీ ఈమెయిల్ నుంచే పంపమనండి.

ఇక ప్రొఫెసర్ పని. ప్రొఫెసరయ్యేవాళ్లలో చాలామంది పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లు పోస్ట్‌డాక్ (తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) చేశాకే అసిస్టెంట్ ప్రొఫెసరవుతారు. టెన్యూర్ (శాశ్వత ఉద్యోగం) నిర్ణయం సుమారు ఆరో ఏట. ఈలోగా గ్రాంట్లు (పరిశోధన నిధులు) తేవాలి, ల్యాబ్ నడపాలి, పీహెచ్‌డీ విద్యార్థులను తయారుచేయాలి. పాఠాలు అందులో ఒక భాగం మాత్రమే.

గడువులు ఎక్కువగా డిసెంబరులో ముగుస్తాయి. మీ యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు (మార్కుల పత్రాలు) రావడానికి వారాలు పడుతుంది కనుక వాటికి ఆగస్టులోనే అప్లై చేయండి. అప్లికేషన్ ఫీజు భారమైతే గడువుకు ముందే మాఫీ అడగండి. ఫండింగ్‌తో ఆఫరొస్తే కంగారుపడి ఒప్పుకోవద్దు: అమెరికాలో చాలా యూనివర్సిటీలు సంతకం చేసిన ఒప్పందం ప్రకారం జవాబివ్వడానికి ఏప్రిల్ 15 వరకు సమయముంటుంది.