లీటరు ధర పెంచితే రోడ్డు ఖాళీ అవుతుందా?

పెట్రోలు, డీజిల్ ధరలు పెంచితే జనం బళ్లు బయటికి తియ్యరు, ట్రాఫిక్ దానంతట అదే తగ్గుతుంది అన్న వాదన ఉంది. అలా అనేవారు ఒక్క పూట ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దును ఆనుకుని ఉన్న మా పర్లాకిమిడి వచ్చి చూడాలని మా కోరిక.

ఆంధ్రాలో ఇంధనం మీద పన్ను ఎక్కువ. అందుకే కొన్నేళ్లుగా ఒడిశా బంకుల్లో పెట్రోలు లీటరుకు ఏడెనిమిది రూపాయల వరకు తక్కువకు దొరుకుతోంది. పాతపట్నం ఆటోలు సరిహద్దు దాటి వచ్చి ఇక్కడ పోయించుకుంటాయి. ఇచ్ఛాపురం వైపు బళ్లదీ అదే దారి. ధర ఎక్కువని అక్కడ తిరగడం మానలేదు, మన బంకుల దగ్గర బారు మాత్రం పెరిగింది.

లీటరుకు పది రూపాయలు పెంచారనుకుందాం. యాభై కిలోమీటర్లు మైలేజీ ఇచ్చే బైకు మీద ఐదు కిలోమీటర్లు వెళ్లే ఉద్యోగికి అదనంగా పడేది ఒక్క రూపాయి. రూపాయి కోసం ఎవరూ బండి ఇంట్లో పెట్టరు. అదే రోజుకు నాలుగైదు లీటర్ల డీజిల్ తాగే షేర్ ఆటోకైతే నలభై, యాభై పడుతుంది. ఆటో ఆపితే డ్రైవరుకు ఇల్లు గడవదు. కాబట్టి ముందు సీట్లో తనకు అటొకరిని, ఇటొకరిని ఎక్కించుకుంటాడు. వంకాయల గంపతో సంతకు వచ్చే ఆమె ఇంకో ఐదు రూపాయలు ఇచ్చి, గంప ఒళ్లో పెట్టుకుని, ఒక కాలు బయటికి వేలాడేసి కూర్చుంటుంది. ట్రాఫిక్ తగ్గించే భారం ఆమె నెత్తిన పెట్టడం అన్యాయం.

పైగా రాయగడ ఘాట్ రోడ్డులో ఒంటరిగా పోయే బండికీ, బరంపురం బజారులో ఇరుక్కున్న బండికీ లీటరు ధర ఒకటే. రద్దీ ఉన్నచోట, రద్దీ వేళ రుసుము వేస్తే అర్థముంది. స్టాక్‌హోం 2006 జనవరిలో అలాగే చేసింది. నగరం నడిబొడ్డుకు వచ్చిపోయే బళ్లు సుమారు ఐదో వంతు తగ్గాయి. అయితే అంతకుముందే, 2005 ఆగస్టులోనే, అదనపు బస్సులు దించింది. మేము చెప్పేది ఆ వరుస గురించే.

ఇక్కడ ఆ మొదటి మెట్టే సరిగా లేదు. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు బస్సు ఉచితమైంది గానీ, అంతర్రాష్ట్ర సర్వీసులకు అది వర్తించదు. 1900లో పర్లాకిమిడికి రైలు తెచ్చిన నౌపడ లైను ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయి గుణుపూర్ దాకా ఉంది. దాని మీద సంత వేళకు, కాలేజీ వేళకు అందే రైళ్లు పెంచాలి. పాతపట్నం, పర్లాకిమిడి మధ్య తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా బస్సు తిప్పడానికి రెండు రాష్ట్రాల రవాణా అధికారులు ఒకచోట కూర్చోవాలి. ఆ బస్సు వచ్చాకే ధర పెంచే మాట ఎత్తండి.