కుర్చీ తీసి చూద్దాం

విజ్ఞానశాస్త్రం విషయంలో మన ఒంగోలు, నెల్లూరు ప్రాంతాలకు తీరని అన్యాయం జరిగింది. ఇన్నాళ్లూ ఎవరూ నోరు మెదపలేదు కాబట్టి నేనే చెప్పాల్సి వస్తోంది. ఒక జన్యువు ఏం పని చేస్తుందో తెలియాలంటే ముందు దాన్ని చెడగొట్టాలి, తర్వాత ఏది ఆగిపోయిందో చూడాలి. శాస్త్రవేత్తలు వందేళ్లుగా నమ్ముకున్న ప్రధానమైన పద్ధతి ఇదే. 1927లో హెర్మన్ ముల్లర్ పండ్ల ఈగల మీద ఎక్స్‌రేలు కొట్టి వాటి జన్యువులు పాడుచేయవచ్చని చూపించాడు, 1946లో నోబెల్ ఇచ్చారు. 1941లో బీడిల్, టాటమ్ ఇద్దరూ రొట్టె బూజు మీద అదే ఎక్స్‌రే కొట్టి, ఏ జన్యువు చెడితే ఆ బూజుకు ఏ విటమిన్ తయారు చేసుకోవడం చేతకాకుండా పోతుందో పట్టుకున్నారు. వాళ్లకు 1958లో నోబెల్. ఎలుకలో కావలసిన ఒక్క జన్యువునే ఎంచి ఆపేసే మార్గం చూపిన ముగ్గురికి 2007లో, డీఎన్‌ఏను అనుకున్న చోట కత్తిరించే క్రిస్పర్‌కు 2020లో. చెడగొట్టినందుకు ఇన్ని బహుమతులు ఇచ్చిన స్వీడన్ పెద్దలు, మా వైపు ఒక్క మండల కార్యాలయం మెట్లయినా ఎక్కారా అని అడుగుతున్నాను.

చెడగొట్టడం ఎందుకంటే, మరో దారి లేక. మనిషి జన్యుక్రమం చదవడం పూర్తయిందని 2003లో ప్రకటించారు. (పూర్తయిన ఆ పనిలో మిగిలిపోయిన ముక్కలు 2022 దాకా చదువుతూనే ఉన్నారు. ప్రారంభోత్సవం ముందు, పనులు తర్వాత అనే సంప్రదాయం మన ఒక్కరిదే కాదని తెలిసి నాకు చాలా ఊరట కలిగింది.) మొత్తం సుమారు 300 కోట్ల అక్షరాలు, అందులో ప్రొటీన్లు తయారు చేయించే జన్యువులు 20 వేల దాకా. ఎవరెక్కడ కూర్చున్నారో తెలిసింది గానీ, ఎవరేం చేస్తారో తెలియలేదు. ఏ ఆఫీసు గోడ మీదైనా సిబ్బంది బోర్డు చూడండి. పేరు, హోదా, సెల్ నంబరు ఉంటాయి. పని అనే గడి ఉండదు. పైగా ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ మొత్తం 20 వేల మందీ హాజరు పట్టీలో ఉంటారు. కాలేయం కణంలో కంటికి సంబంధించిన జన్యువులు కూడా ఉంటాయి, కాకపోతే అవి దీర్ఘకాలిక సెలవులో ఉంటాయి.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఒంగోలుకు పడమట ఒక మండల కార్యాలయం ఉంది, పేరు అనవసరం. అందులో ఒక్కో కుర్చీ తీసి చూద్దాం. శాస్త్రవేత్తలు దీన్నే నాకౌట్ అంటారు. ప్రయోగం కొంతవరకు ఇప్పటికే జరిగిపోయింది కూడా, ఎవరూ నోట్ చేసుకోలేదంతే.

మొదటి నాకౌట్ అటెండరు. ఆయన కూతురి పెళ్లి, కనిగిరిలో. వారం సెలవు పెట్టాడు. సోమవారం పదిన్నరకు ఆఫీసు తెరిచారు. బీరువా తెరుచుకోలేదు. ఇన్వర్టర్ స్విచ్ ఎక్కడుందో తెలియక కరెంటు పోగానే కంప్యూటర్లు ఆరిపోయాయి. మంచినీళ్ల క్యాను రాలేదు, ఎందుకంటే ఆ కుర్రాడికి ఫోన్ చేసేది ఈయనే. రౌండు సీలు కనిపించలేదు. మ్యుటేషన్ (అంటే పొలం పేరు మార్పిడి) ఫైలు కోసం వచ్చిన పెద్దాయన ఒకాయన భుజం మీది తువ్వాలుతో విసురుకుంటూ బల్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా, తాళంచెవి ఎక్కడ పెట్టాడో ఆయన్నే అడగొచ్చుగా" అన్నాడు కంప్యూటర్ ఆపరేటర్ అమ్మాయితో.

"అడుగుదామనే చేస్తున్నా తాతా. పెళ్లిపందిట్లో ఉన్నాడు, ఫోనెత్తట్లా బాబాయి."

"మరి లోపల సారున్నాడుగా?"

"సారుంటే ఏముంది తాతా. బీరువా తెరుచుకోవాలిగా."

ఆ అమ్మాయి చెప్పిన రెండో మాట జన్యుశాస్త్రంలో పెద్ద పాఠం. ఏదైనా జన్యువు తీసేయగానే అంతా ఆగిపోతే, అంతా నడిపిస్తున్నది ఆ జన్యువేనని పొంగిపోకూడదు. అందుకే శాస్త్రవేత్తలు తీసినదాన్ని తిరిగి పెట్టి, ఆగిన పని మళ్లీ మొదలవుతుందా అని చూస్తారు. అంతటితో ఊరుకోకుండా, జన్యువులో ఒక్కో ముక్కే తిరిగి పెట్టి ఏ ముక్కతో ఎంత పని తిరిగొచ్చిందో లెక్క తీస్తారు. మనవాళ్లూ అదే చేశారు. మంగళవారం మధ్యాహ్నం పెళ్లివారి వైపు కుర్రాడొకడు తాళంచెవిని కాగితంలో చుట్టి, కనిగిరి బస్టాండులో పొదిలి బస్సు కండక్టరు చేతిలో పెట్టాడు. సాయంత్రానికి బీరువా తెరుచుకుంది. అటెండరు రాలేదు, ఆయన మొలతాడుకు వేలాడే ఇత్తడి ముక్క మాత్రమే వచ్చింది, సగం రెవెన్యూ వ్యవస్థ లేచి కూర్చుంది. సీలు మాత్రం ఆదివారం దాకా దొరకలేదు. అది ఆయన పాత టిఫిన్ క్యారియర్ పైగిన్నెలో ఉంది. ఆ సంగతి ఏ రిజిస్టరులోనూ లేదు, ఆయన బుర్రలో తప్ప.

రెండో నాకౌట్ పెద్ద సారు. ఆయన శిక్షణకని పదిహేను రోజులు పోయారు. ఏమీ కాలేదు. ఫైళ్లు ఎప్పటిలాగే కదలకుండా ఉన్నాయి, జనం ఎప్పటిలాగే రేపు రమ్మనిపించుకున్నారు. ఇక్కడ పత్రికలవాళ్లెవరైనా ఉంటే సారు దండగ అని రాసేస్తారు. శాస్త్రవేత్తలు అంత తొందరపడరు, ఎందుకంటే పిండిని పులియబెట్టే ఈస్ట్ అనే సూక్ష్మజీవి వాళ్లకు బుద్ధి చెప్పింది. ఈస్ట్‌కు సుమారు 6 వేల జన్యువులు. 2002 నాటికి వాటిని దాదాపు అన్నిటినీ ఒక్కొక్కటిగా తీసి చూశారు. తీయగానే ప్రాణం పోయేవి ఐదో వంతుకు మించలేదు. మిగతావి తీసినా ఈస్ట్ హాయిగా పెరిగింది.

దానికి రెండు కారణాలు కనిపించాయి. ఒకటి, ఒకే పని తెలిసిన జన్యువులు రెండు మూడు ఉంటాయి. ఒకటి పోతే ఇంకొకటి కానిస్తుంది. అసలు సంగతి తేలాలంటే రెంటినీ ఒకేసారి తీయాలి. మన ఆఫీసులో ఎన్నికల డ్యూటీ పుణ్యమా అని పెద్ద సారు, చిన్న సారు ఇద్దరూ ఒకేసారి పోయారు. అప్పుడు కూడా పని జరిగింది, ఇంకా చెప్పాలంటే కొంచెం వేగంగానే జరిగింది. ఆరా తీస్తే, సంతకాలు పెట్టే డిజిటల్ డాంగిళ్లు రెండూ ఆ ఆపరేటర్ అమ్మాయి సొరుగులో ఉన్నాయి. ఆ అమ్మాయిది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, జీతం మూడు నెలలకోసారి వస్తుంది. ఆ కుర్చీ తీసి చూసే ధైర్యం ఈ వ్యాసకర్తకు లేదు.

రెండో కారణం ఇంకా ముఖ్యం. ల్యాబులో ఈస్ట్‌కు వేళకు చక్కెర వేస్తారు, వెచ్చగా ఉంచుతారు. ఆ సుఖంలో చాలా జన్యువులకు పనే ఉండదు. ఉప్పు పెంచి, వేడి పెంచి, రకరకాల మందులు కలిపి చూసేసరికి, పనికిరావనుకున్నవాటిలో దాదాపు అన్నీ ఎక్కడో ఒకచోట అక్కరకొచ్చాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా పెద్ద సారు రాత్రంతా చెరువు కట్ట మీద టార్చిలైటు పట్టుకుని నిలబడ్డారు. జేసీబీ ఎవరి దగ్గరుందో, ఇసుక బస్తాలకు ఎవరి కాళ్లు పట్టుకోవాలో, ఏ సర్పంచి మాట వింటాడో, ఎవర్ని తిడితే కదులుతాడో అన్నీ ఆయనకే తెలుసు. కట్ట తెగలేదు. మర్నాడు వచ్చి కుర్చీలో కూర్చున్నారు, మళ్లీ ఏ పనీ కనిపించలేదు.

2016లో అమెరికాలో క్రెయిగ్ వెంటర్ బృందం బతకడానికి ఎంత తక్కువ సిబ్బంది సరిపోతారో తేల్చడానికి ఒక బ్యాక్టీరియా కణాన్ని అనవసరమైనవన్నీ తీసేసి తయారు చేసింది. చివరికి 473 జన్యువులు మిగిలాయి. అందులో 149 ఏం చేస్తాయో తయారు చేసినవాళ్లకే తెలియలేదు. తెలియదని తీసేస్తే కణం చస్తోంది, లేదంటే నీరసపడి ఎదగనంటోంది. సిబ్బంది తగ్గింపు కమిటీలవాళ్లు ఆ అంకె రాసుకుని జేబులో పెట్టుకోవాలి.

ఇక సూపరింటెండెంటు. ఆయన ప్రతి ఫైలు మీదా ఎర్ర సిరాతో ఒక కొర్రీ వేస్తాడు. ఆ కొర్రీకి జవాబిస్తే దానిమీద ఇంకోటి. ఈయనకు పనేమిటి అని అందరి అనుమానం. ఇలాంటి జన్యువు ఒకటుంది, మయోస్టాటిన్ అంటారు. 1997లో ఎలుకల్లో దాన్ని తీసేస్తే కండలు మామూలుకు రెండు మూడు రెట్లు పెరిగాయి. కండ ఇక చాలు అని ఆపడమే దాని పని. బెల్జియన్ బ్లూ అనే పశుజాతిలో అదే జన్యువు సహజంగానే చెడిపోయి ఉంటుంది. చూడ్డానికి పహిల్వానులే, కాకపోతే దూడ మరీ పెద్దదై మామూలుగా ఈనలేక చాలాసార్లు ఆవు పొట్ట కోసి తీయాల్సి వస్తుంది. మా సూపరింటెండెంటు రిటైరయ్యాక ఏడాదిపాటు ఆ కుర్చీ ఖాళీ. బిల్లులు బ్రహ్మాండంగా పెరిగాయి. ఆడిట్‌వాళ్లు వచ్చి కోసి తీశారు.

పశువుల మాట వచ్చింది కాబట్టి, జిల్లా మొత్తం మీద జరిగిన నాకౌట్ ఒకటి చెప్పాలి. 19వ శతాబ్దంలో మన ఒంగోలు గిత్తలు ఓడెక్కి బ్రెజిల్ పోయాయి. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి అక్కడివాళ్లు వాటికి నెలోర్ అని పేరు పెట్టుకున్నారు. తర్వాత ఒంగోలు 1904లో గుంటూరు జిల్లాలోకి పోయింది, 1970లో సొంత జిల్లా తెచ్చుకుంది. ఆ గెజిట్ కాపీ బ్రెజిల్ ఎద్దులకు అందినట్టు లేదు, అవి ఇప్పటికీ నెల్లూరువే. ఇప్పుడు అక్కడి మాంసం పశువుల్లో అత్యధికం ఆ జాతే. వియాటినా-19 అనే ఆవుకు 2023 వేలంలో కట్టిన విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఇక్కడ మనం గిత్తను తీసేశాం. ఫలితం కనబడుతూనే ఉంది: దొడ్లో పేడ లేదు, ట్రాక్టరు కంతు మాత్రం ప్రతి నెలా ఐదో తారీఖుకు తప్పకుండా వస్తోంది. గిత్త గుర్తొచ్చేది సంక్రాంతికి బండలాగుడు పందేల్లోనే.

తీసేయడమే కాదు, లేనిచోట పెట్టి చూడడం కూడా ఒక పద్ధతి. ఈగ కన్ను తయారు కావడానికి మొదట ఆజ్ఞ ఇచ్చే జన్యువు ఒకటుంది. 1995లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ గేరింగ్ బృందం దాన్ని కాళ్లలో, రెక్కల్లో పనిచేసేలా చేసింది. అక్కడ కళ్లు మొలిచాయి. ఎలుక నుంచి అదే జన్యువు తెచ్చి పెట్టినా ఈగకు మొలిచింది ఈగ కన్నే. మన భాషలో దీన్ని డిప్యుటేషన్ అంటారు. పట్టుపరిశ్రమలో ఉన్నాయన్ని మత్స్యశాఖకు ఇన్‌ఛార్జిగా వేశారనుకోండి, అక్కడ కూడా ఆయన పట్టుపురుగుల నివేదికే పంపుతాడు. కన్ను కన్నే, కాలి మీద ఉందంతే.

చివరగా క్రిస్పర్ గురించి ఒక హెచ్చరిక. ఎక్కడ కత్తిరించాలో చెప్పడానికి దానికి 20 అక్షరాల చిరునామా ఇస్తారు. 300 కోట్ల అక్షరాల్లో వెతుక్కుంటూ పోయి అది అక్కడ కోస్తుంది. ఒకటి రెండు అక్షరాలే తేడాగా ఇంకోచోట అదే చిరునామా ఉంటే, అప్పుడప్పుడు అక్కడ కూడా కోసేస్తుంది. మాలకొండయ్య అని పిలిస్తే ప్రకాశం జిల్లాలోనూ, పెంచలయ్య అని పిలిస్తే నెల్లూరు జిల్లాలోనూ సగం ఆఫీసు తలెత్తి చూస్తుంది. ఇంటిపేరు మొదటి అక్షరం కూడా కలిసిందంటే ఇక చెప్పక్కర్లేదు. బదిలీ ఉత్తర్వు ఒక మాలకొండయ్యకు వచ్చింది, రిలీవ్ చేసింది ఇంకో మాలకొండయ్యను. ఆయన కోర్టుకు పోయి స్టే తెచ్చుకున్నాడు. ఈలోపు ఆ కుర్చీలోకి వచ్చినాయన కదలనన్నాడు. ఇప్పుడు ఒకే టేబుల్‌కు ఇద్దరు గుమాస్తాలు, ఒకే రిజిస్టరు.

దీనికీ జన్యుశాస్త్రంలో చోటుంది. జన్యువు ఒక్కోసారి పొరపాటున రెండు నకళ్లవుతుంది. ఒకటి పాత పని చూసుకుంటుంది కాబట్టి, ఖాళీగా ఉన్న రెండోది మార్పులు చెంది కొత్త పని నేర్చుకునే వీలుందని, జీవపరిణామంలో ఇది చాలా పెద్ద విషయమని సుసుము ఓనో అనే జన్యుశాస్త్రవేత్త 1970లోనే రాశాడు. అందుకే రెండో మాలకొండయ్య విషయంలో తొందరపడొద్దని పై అధికారులకు నా మనవి. కాకపోతే అలాంటి మార్పుకు లక్షల ఏళ్లు పట్టొచ్చు. ఆయనకు సర్వీసు ఇంకా నాలుగేళ్లే ఉంది.