చూసి వెళ్లడానికే వచ్చారు

నల్లమల కింద యురేనియం ఎంత ఉందో తెలుసుకుంటామంటే తప్పుపట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది. 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. గమనించండి, తవ్వకానికి కాదు. పెళ్లిచూపులకే. పిల్ల తరఫువాళ్లు పిలవకపోయినా, గుమ్మంలో అడ్డంగా నిలబడినా, లోపలికి వచ్చి కట్నం లెక్క చూసుకుని వెళ్తే ఎవరి సొమ్ము పోయింది?

అన్వేషణంటే అడవిలో బోర్లు వేసి చూడడమే. అయినా ఈ అడవి ఉన్న పాలమూరుకు బోరు కొత్తా? బోరు మీద బోరు వేసి, దుమ్ము చూసి, అప్పులు కట్టిన జిల్లా ఇది. రైతు తన పొలంలో బోరు వేయాలంటే వాల్టా చట్టం కింద అనుమతి అడగాలి, భూగర్భజలం అందరిదీ కనుక. అడవిలో బోరుబండి తిరిగితే అది దేశ ప్రయోజనం. పైగా రైతుకు రాయి తగిలితే కొంప మునుగుతుంది, యురేనియం వెతికేవాళ్లకు రాయి తగిలితేనే పండగ.

చెంచుల గ్రామసభను అడగాలట. అడిగితే వద్దంటారు. వద్దంటారని ముందే తెలిసినప్పుడు అడగడం కాలహరణం కాదా?

నల్లగొండవాళ్లు మరీ అనుమానప్రాణులు. లంబాపూర్, పెద్దగట్టు దగ్గర నిల్వలు ఉన్నాయని తేలిన నాటి నుంచి, పక్కనే సాగర్ జలాశయం ఉందని ఒకటే గొణుగుడు. తరతరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన జిల్లాకు ఇంత నాజూకుతనం ఎక్కడిదో! హైదరాబాదు కూడా ఆ సాగర్ నీళ్లే తాగుతోంది. అది మాత్రం, పాపం, గొణగదు.

2019 సెప్టెంబరులో శాసనసభ కూడా యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది. మంచిదే. శాసనసభ ఆయుష్షు ఐదేళ్లు, యురేనియం అర్ధాయుష్షు, అంటే అందులో సగం తరగడానికి పట్టే కాలం, సుమారు 450 కోట్ల ఏళ్లు. ఎవరికి ఓపిక ఎక్కువో వేరే చెప్పాలా?

నాది ఒక్కటే విన్నపం. పులుల నిద్ర చెడకూడదని శ్రీశైలం దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను ఆపేస్తారు. బోరుబండి ఆలస్యంగా వస్తే మొహమాటపడకూడదు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరే తెల్లవార్లూ నిలబెట్టి, డ్రైవరు చేతిలోని ప్లాస్టిక్ సీసా లాక్కుని, అడవిని పాడుచేయవద్దని గట్టిగా మందలించి, అప్పుడు గేటు ఎత్తాలి.