పోలరైజ్డ్ దీపం గాలి నుంచి ఎలక్ట్రాన్లను లాగదు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఇక్కడ ప్లస్ టూ చదివే పిల్లలూ, పాతపట్నం నుంచి ట్యూషన్‌కి వచ్చే ఇంటర్ పిల్లలూ "ఇది నిజమేనా మాస్టారూ?" అని నన్ను అడుగుతున్నారు. అందులో ఉన్నది ఇదీ: పోలరైజ్డ్ కాంతికి (అంటే విద్యుత్ క్షేత్రం ఒక క్రమపద్ధతిలోనే ఊగే కాంతికి) మామూలు కాంతి కన్నా శక్తి ఎక్కువ, ఆ దీపం వెలిగిస్తే గదిలోని ఆక్సిజన్, నైట్రోజన్ అణువులు ఎలక్ట్రాన్లను వదిలేస్తాయి, వెలుగు పెంచితే ఎలక్ట్రాన్ల వేగం పెరుగుతుంది, కాంతి ఎటు పోతే అవీ అటే దూసుకెళ్తాయి, ఏ అణువైనా తేడా లేదు, గుండ్రంగా తిరిగే పోలరైజ్డ్ కాంతి అయితే అన్నిటినీ ఒక వైపుకే నెడుతుంది. కింద దీపం కొనడానికి లింకు.

డబ్బు పోతుందన్నది ఒక బాధ. కాంతి తగిలినప్పుడు అణువు ఎలక్ట్రాన్‌ను ఎలా వదులుతుందన్న ఇంత అందమైన విషయాన్ని పిల్లలు తలకిందులుగా నేర్చుకుంటున్నారన్నది నాకు అంతకన్నా పెద్ద బాధ.

ముందు శక్తి సంగతి. ఫోటాన్ (కాంతి రేణువు) శక్తి తరంగదైర్ఘ్యాన్ని బట్టి ఉంటుంది, ధ్రువణాన్ని (పోలరైజేషన్‌ను) బట్టి కాదు. పోలరాయిడ్ ఫిల్టరు కాంతికి కొత్తగా ఏమీ ఇవ్వదు. విద్యుత్ క్షేత్రం ఒక దిశలో ఊగే భాగాన్ని పోనిచ్చి, మిగతాది ఆపేస్తుంది. మామూలు వెలుగులో సగం పైనే అక్కడ పోతుంది. కంటికి కనిపించే కాంతిలో ఒక్కో ఫోటాన్‌కు ఉండేది సుమారు 1.6 నుంచి 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు (ఇంత చిన్న శక్తిని కొలిచే ప్రమాణం). ఎలక్ట్రాన్ బయటికి రావాలంటే ఆక్సిజన్ అణువుకు 12.07 కావాలి, నీటికి 12.6, హైడ్రోజన్‌కు 15.43, నైట్రోజన్‌కు 15.58. అంటే ఆక్సిజన్‌కే సుమారు 103 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగదైర్ఘ్యం ఉండాలి. అంత పొట్టి కాంతిని గాలే మింగేస్తుంది కాబట్టి ఈ ప్రయోగాలు శూన్యంలో చేస్తారు. అతి తీవ్రమైన లేజర్ మెరుపుతో ఒకే అణువుకు అనేక ఫోటాన్లు ఒకేసారి అందించి ఎలక్ట్రాన్‌ను తీసే పద్ధతి ఉంది, నిజమే. ఇంట్లో పెట్టుకునే దీపం ఆ దరిదాపులకు కూడా రాదు.

వెలుగు పెంచితే వేగం పెరుగుతుందన్న మాట 1902లో లెనార్డ్ లోహాలపై చేసిన ప్రయోగాలతోనే పోయింది. 1905లో ఐన్‌స్టయిన్ కారణం చెప్పారు. పెరిగేది ఎలక్ట్రాన్ల సంఖ్య, ఒక్కోదాని వేగం కాదు.

అసలు విషయం దిశలో ఉంది. పోలరైజ్డ్ కాంతిలో విద్యుత్ క్షేత్రం కిరణానికి అడ్డంగా ఊగుతుంది. ఎలక్ట్రాన్‌ను కదిలించేది ఆ క్షేత్రమే. అందుకే ఎలక్ట్రాన్లు కాంతి వెళ్లే దారిలో కాకుండా ఎక్కువగా పక్కలకు, క్షేత్రం ఊగే గీత వెంట రెండు వైపులా వస్తాయి. హీలియం దీపం ఇచ్చే 21.22 ఎలక్ట్రాన్ వోల్టుల కాంతిని హైడ్రోజన్ మీద వేస్తే ఎలక్ట్రాన్‌కు గరిష్ఠంగా 5.8 ఎలక్ట్రాన్ వోల్టుల గతిశక్తి మిగులుతుంది. లెక్క వేసి చూడండి: ఆ ఎలక్ట్రాన్ ద్రవ్యవేగం ఫోటాన్ ద్రవ్యవేగానికి వంద రెట్లు పైనే ఉంటుంది. కాంతి తోసే తోపు లెక్కలోకి రాదు. ఎక్స్ కిరణాల స్థాయికి వెళ్తే ముందు వెనకల మధ్య కొంత తేడా కనిపిస్తుంది, కానీ మెసేజ్ చెప్పేది దాని గురించి కాదు.

ఎటు ఎన్ని ఎలక్ట్రాన్లు వస్తాయో చెప్పడానికి బీటా అనే ఒకే సంఖ్య చాలు. 1968లో కూపర్, జేర్ దీన్ని వివరించారు. బీటా విలువ -1 నుంచి 2 వరకు ఉంటుంది. 2 అయితే ఎలక్ట్రాన్ల సంఖ్య కొసైన్ వర్గాన్ని అనుసరిస్తుంది: క్షేత్రం దిశలో అత్యధికం, 60 డిగ్రీల దగ్గర అందులో పావు వంతు, 90 దగ్గర సున్నా. సున్నా అయితే అన్ని వైపులా సమానం. -1 అయితే క్షేత్రం దిశలో ఒక్కటీ రాదు, అడ్డంగా అత్యధికంగా వస్తాయి. బీటా ఎంత అన్నది ఆ ఎలక్ట్రాన్ అణువులో ఏ ఆర్బిటాల్‌లో (ఎలక్ట్రాన్ ఉండే చోటు) ఉండేదో, ఎంత శక్తితో బయటపడిందో దాన్ని బట్టి మారుతుంది. "ఏ అణువైనా తేడా లేదు" అన్న మాట ఇక్కడే కూలిపోతుంది.

హైడ్రోజన్ అణువులో రెండు కేంద్రకాలున్నాయి. బయటికొచ్చే ఎలక్ట్రాన్ తరంగం రెండు చోట్ల నుంచీ బయలుదేరి తనతో తానే కలుస్తుందని 1966లో కోహెన్, ఫానో చెప్పారు. 2020లో ఫ్రాంక్‌ఫర్ట్ పరిశోధకులు హాంబర్గ్‌లోని సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను వేగంగా తిప్పి తీవ్రమైన కాంతిని పుట్టించే యంత్రం) కాంతితో దీన్ని ఇంకా లోతుగా చూశారు. ఒక్క ఫోటాన్ దెబ్బకు ఎలక్ట్రాన్లు రెండూ పోతే ప్రోటాన్లు రెండూ ఎడంగా ఎగిరిపోతాయి. అవి ఎగిరిన దిశే అణువు అక్షం ఎటుందో చెబుతుంది. కాంతి అణువు ఒక కొస నుంచి ఇంకో కొసకు చేరాలి కాబట్టి రెండో కొస నుంచి ఎలక్ట్రాన్ తరంగం కాస్త ఆలస్యంగా బయలుదేరుతుంది; ఆ ఆలస్యం 247 జెప్టోసెకన్ల దాకా ఉన్నట్టు కొలిచారు. జెప్టోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతును మళ్లీ వంద కోట్ల భాగాలు చేస్తే వచ్చేది. బరంపురం ఐసర్‌లో (విజ్ఞాన శాస్త్ర విద్యా పరిశోధన సంస్థ) చేరాలనుకునే పిల్లలకు నేను చూపించాలనుకునేది ఇది.

ఇక గుండ్రంగా తిరిగే కాంతి, అంటే విద్యుత్ క్షేత్రం గుండ్రంగా తిరిగేది. హైడ్రోజన్, నైట్రోజన్ లాంటి అణువుల నుంచి ఆ కాంతితోనూ ఎలక్ట్రాన్లు ముందుకూ వెనక్కూ సమానంగానే వస్తాయి. తేడా కనిపించేది కుడి, ఎడమ చేతుల్లా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంగా ఉండే అణువుల్లోనే. ఇలా జరుగుతుందని 1976లో రిచీ సిద్ధాంతపరంగా చెప్పారు. 2001లో కర్పూరానికి దగ్గరి బంధువైన బ్రోమోకాంఫర్‌లో కొలిచి చూపించారు. ఆ తేడా కూడా కొద్ది శాతమే. కాంతి తిరిగే వైపు మార్చినా, అణువు రకం మార్చినా అది తారుమారవుతుంది. రెండు రకాలూ సమానంగా కలిసి ఉంటే అసలు కనిపించదు. హారతికి కొనే కృత్రిమ కర్పూరం ఎక్కువగా అలాంటి మిశ్రమమే.