రివర్ పందెం ఫ్లాప్‌లోనే ఖరారు కావాలి

టెక్సస్ హోల్డెమ్ అనే పోకర్ పేకాట నేర్చుకునేవాళ్లు ముందుగా బట్టీ పట్టేది ఏ రెండు ముక్కలతో ఆటలోకి దిగాలో చెప్పే పట్టికను. ఆ తర్వాత బల్ల మీద అందరికీ ఉమ్మడిగా మూడు ముక్కలు తెరిచే ఫ్లాప్‌ను, నాలుగోది తెరిచే టర్న్‌ను, చివరిదైన ఐదోది తెరిచే రివర్‌ను దేనికదే విడిగా ఆడతారు. ముక్క తెరుచుకున్నాకే ఆలోచన మొదలవుతుంది. చిప్స్ (పందెం బిళ్లలు) కరిగిపోయేది అందుకే. పందెం ఎన్ని రౌండ్లలో కాసినా దాని వెనక నిర్ణయం ఒక్కటే ఉండాలి.

లెక్క చూడండి. ఫ్లాప్ దగ్గర పాట్‌లో, అంటే పందేలన్నీ చేరే కుప్పలో, 100 చిప్స్, మీ దగ్గర 1,300, ఎదుటివాడి దగ్గరా అంతే. ప్రతి రౌండ్‌లో పాట్ ఎంతుంటే అంత కాస్తే పందేలు 100, 300, 900. అవతలివాడు కాల్ చేస్తూ, అంటే తనూ అంతే పెడుతూ, వస్తే రివర్‌లో చివరి చిప్ కూడా లోపలికి వెళ్తుంది. ఫ్లాప్‌లో, టర్న్‌లో సగం పాట్ చొప్పున కాశారనుకోండి. రివర్‌కు పాట్ 400, మీ చేతిలో 1,150. ఎంత గొప్ప ముక్కలున్నా ఆ సొమ్మంతా రాబట్టాలంటే పాట్‌కు దాదాపు మూడు రెట్లు కాయాలి. అంత పందెం చూసి ఎవరైనా జంకుతారు. రివర్‌లో తక్కువ వచ్చిందని బాధపడేవాడు నిజానికి ఫ్లాప్‌లోనే తక్కువ కాశాడు.

బ్లఫ్, అంటే బలం లేని ముక్కలతో బెదిరించే పందెం, సంగతి ఇంకా ఆసక్తికరం. రివర్‌లో పాట్ అంత పందెం కాస్తే, ఎదుటివాడు మూడింట ఒకసారి గెలిచినా కాల్‌కు నష్టం లేదు. కాబట్టి రెండు నిజమైన పందేలకు ఒక బ్లఫ్ కలవాలి. ఆ బ్లఫ్ ఎక్కడి నుంచి రావాలి? చేతిలో రెండు ఇస్పేట్లు, ఫ్లాప్‌లో రెండు ఇస్పేట్లు ఉన్నవాడికి రివర్‌లోపు ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు ఐదు) పడే అవకాశం సుమారు 35 శాతం. పడకపోతే ఏం చేయాలో అతను ఫ్లాప్‌లో చిప్స్ నెట్టేటప్పుడే తేల్చుకుని ఉండాలి. చివర్లో ధైర్యం తెచ్చుకుని చేసే బ్లఫ్‌కు వెనకటి పందేలు సాక్ష్యం చెప్పవు. మంచి ఆటగాడు పట్టేసేది దాన్నే.

ప్రతి ముక్కా పరిస్థితిని మార్చేస్తుంది కదా, ముందస్తు ప్రణాళిక దేనికని కొందరంటారు. 2017లో నలుగురు ప్రొఫెషనల్స్‌ను ఓడించిన లిబ్రేటస్ అనే పోకర్ కంప్యూటర్ ప్రోగ్రాం చివరి రౌండ్లలో లెక్క మళ్లీ వేసుకునేదని గుర్తు చేస్తారు. నిజమే, కానీ ఆ కొత్త లెక్క కూడా ఆటంతటికీ ముందే తయారుచేసుకున్న వ్యూహం మీద ఆధారపడేది.

ప్రణాళిక లేనివాడి గతి టర్న్‌లో తెలుస్తుంది. ఫ్లష్ ఇంకా పడలేదు, మిగిలిన అవకాశం 20 శాతం లోపే, పాట్ అంత పందేనికి కావాల్సింది 33 శాతం. తర్వాత రాబట్టగలిగే చిప్స్ లెక్కేమీ వేసుకోకుండానే, ఇప్పటికే పెట్టేశాం కదా అని కాల్ చేస్తాడు. పాట్‌లో పడ్డ సొమ్ము ఇక అతనిది కాదు.

ప్రభుత్వాలూ ఇలాగే ఆడతాయి. అంచనాలు తలకిందులైనా బ్రిటన్, ఫ్రాన్స్‌లు ధ్వని కన్నా వేగంగా ఎగిరే కాంకార్డ్ విమానం మీద ఖర్చు పెడుతూనే పోయాయి. 1976లో ప్రయాణికులతో ఎగరడం మొదలుపెట్టి 2003లో ఆగిపోయిన ఆ విమానాల్లో విమానయాన సంస్థలకు చేరినవి 14 మాత్రమే. ఏ ప్రాజెక్టుకైనా మొదటి విడత నిధులు అడిగే రోజునే చివరి విడత ఎంతో, ఏ దశలో ఏం తేలితే ఆపేస్తారో రాతపూర్వకంగా చెప్పించాలి. చెప్పలేని ప్రతిపాదనను అక్కడికక్కడే తిప్పి పంపాలి.