ఓడ సర్టిఫికెట్‌ని చదివేదెవరు?

ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ పనిలో చేరిన కొత్తలో ఓడల గురించి నాకు తెలిసింది ఒక్కటే, అవి చెప్పిన రోజుకి రావు. సనత్‌నగర్ ఐసీడీలో, అంటే సముద్రానికి దూరంగా ఉండే కంటెయినర్ డిపోలో, కస్టమ్స్ పని ముగిసి, కంటెయినర్‌కి సీలు పడి, రైలెక్కిందంటే మాకు సగం గండం గడిచినట్టే. ముంబయి పక్కన నవా షేవా రేవులో అది ఏ ఓడ ఎక్కుతుంది, ఆ ఓడ వయసెంత, దాని అడుగున తుప్పెంత అన్నవి జీడిమెట్లలో కూర్చున్న నాకు అక్కర్లేని సంగతులనుకునేవాణ్ణి.

ఒక ఎల్‌సీ, అంటే కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు కడతామని కొనేవాళ్ల బ్యాంకు ఇచ్చే హామీ, ఆ నిశ్చింతని చెడగొట్టింది. సరుకు వెళ్లే ఓడ ఇరవై ఏళ్లు దాటి ఉండకూడదు, ఓడల్ని తనిఖీ చేసి యోగ్యత తేల్చే పేరున్న క్లాసిఫికేషన్ సొసైటీ క్లాస్‌లో ఉండాలి, ఆ మేరకు షిప్పింగ్ లైన్ ఇచ్చిన సర్టిఫికెట్ జత చేయాలి అని అందులో ఓ షరతు. అలాంటి షరతులు బోలెడు చూశాం కదా అని వదిలేశాను. చివరి నిమిషంలో లైను వాళ్లు ఓడ మార్చారు. కొత్తగా వచ్చిన ఓడకి ఇరవై మూడేళ్లు. బ్యాంకు వాళ్లు డిస్క్రెపెన్సీ, అంటే షరతుకి కాగితం సరిపోలేదు, అని కాగితాలు పక్కన పెట్టేశారు. మూడు వారాలు డబ్బు రాలేదు, మూడు వారాలూ టెన్షనే. "ఓడ పుట్టినరోజు అడిగే బ్యాంకు ఎక్కడైనా ఉంటుందా?" అని మా బాస్ నా మీద విరుచుకుపడ్డారు.

ఉంటుంది. అలా అడిగేవాళ్లు ఉండబట్టే సముద్రం మీద ఆ మాత్రం భద్రత ఉందని నాకు తర్వాత్తర్వాత అర్థమైంది.

2025 మేలో కొచ్చి తీరానికి దూరంగా ఎంఎస్‌సీ ఎల్సా 3 మునిగింది. 640 కంటెయినర్లు, వాటిలో ప్రమాదకర సరుకున్నవి 13. సిబ్బంది 24 మందీ బతికి బయటపడ్డారు. ఓడ 1997లో కట్టినది. ఆ రోజు నా వాట్సాప్ గ్రూపుల్లో అందరిదీ ఒకటే ప్రశ్న, 28 ఏళ్ల డొక్కు ఓడని ఎవరు తిరగనిచ్చారని. కోపం న్యాయమైనదే గానీ వయసు ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. 2013 జూన్‌లో యెమెన్‌కి దూరంగా నడిసముద్రంలో రెండు ముక్కలైన ఎంఓఎల్ కంఫర్ట్ వయసు అయిదేళ్లే. జపాన్‌లో కట్టిన భారీ కంటెయినర్ ఓడ అది. దానికీ కాగితాలన్నీ ఉన్నాయి. కాబట్టి ఓడ పాతదా కొత్తదా అన్నదానికంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి: దాన్ని చివరిసారి ఎవరు చూశారు, ఏం చూశారు, ఆ చూసింది ఎవరికి చెప్పారు?

క్లాస్ అంటే స్థూలంగా ఇదీ. ఓడ ఎంత మందం ఉక్కుతో కట్టాలి, ఏ యంత్రం ఎలా ఉండాలి అని క్లాసిఫికేషన్ సొసైటీలు నిబంధనలు రాస్తాయి. డ్రాయింగులు ఆమోదించడం దగ్గర మొదలుపెట్టి, షిప్‌యార్డులో వాళ్ల సర్వేయర్ నిలబడి చూస్తుండగా కట్టిన ఓడకి క్లాస్ గుర్తు పక్కన మాల్టీస్ శిలువ ఒకటి పడుతుంది. లాయిడ్స్ రిజిస్టర్, డీఎన్‌వీ, ఏబీఎస్, బ్యూరో వెరిటాస్, క్లాస్ ఎన్‌కే లాంటివి ఇందులో పెద్ద తలకాయలు. మనకి ముంబయి కేంద్రంగా 1975లో పుట్టిన ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ ఉంది. పెద్ద సొసైటీలన్నీ కలిసి 1968లో పెట్టుకున్న ఐఏసీఎస్ అనే సంఘంలో మనవాళ్లకి పూర్తి సభ్యత్వం 2010లో వచ్చింది. ప్రపంచంలో సరుకు మోసే టన్నేజీలో తొంభై శాతానికి పైగా ఈ సంఘం సభ్యుల చేతుల్లోనే ఉంది. పైగా ఓడ ఏ దేశం జెండా కింద తిరుగుతుందో ఆ ప్రభుత్వం కూడా తను చేయాల్సిన తనిఖీలు చాలావరకు వీళ్లకే అప్పగిస్తుంది. అంటే ఒకే సర్వేయర్ ఉదయం సొసైటీ మనిషి, ఓడ మీద లైబీరియా జెండా ఉంటే మధ్యాహ్నం లైబీరియా ప్రభుత్వం మనిషి.

కట్టాక అసలు పని మొదలవుతుంది. మన లారీకి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయిస్తాం. ఓడకి ఏటా ఒక సర్వే ఉంటుంది, గడువు తేదీకి మూడు నెలలు అటూ ఇటూ. రెండో ఏడాదో మూడో ఏడాదో ఇంకాస్త లోతుగా ఇంటర్మీడియట్ సర్వే. అయిదేళ్లకోసారి స్పెషల్ సర్వే, అంటే క్లాస్ మళ్లీ మొదటి నుంచీ సంపాదించుకోవడమే. అయిదేళ్లలో రెండుసార్లు ఓడ అడుగుభాగం చూడాలి, మధ్యలో 36 నెలలు మించకూడదు. ఓడ ముసలిదైన కొద్దీ చూసే చోట్లు పెరుగుతాయి. పదిహేనేళ్లు దాటిన ట్యాంకర్, విడి సరుకు మోసే బల్క్ క్యారియర్‌లని నీళ్లలో డైవర్లని దించి చూశామంటే సరిపోదు, నీళ్లు తోడేసిన డ్రై డాక్‌కి ఎక్కించాల్సిందే.

ఇదంతా పుస్తకంలో మాట. పనిలో ఎలా ఉంటుందో మా అక్క కొడుకుని అడిగితే తెలిసింది. సరుకు ఓడల్లో సెకండ్ ఇంజినీర్ వాడు, సెలవుకి మల్కాజిగిరి వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే భోజనం. "మామా, బయట పెయింట్ చూసి మోసపోవద్దు. బల్లాస్ట్ ట్యాంకుల దిగినోనికే ఎరుక ఓడ సంగతి" అంటాడు. ఓడ నిలకడ కోసం సముద్రపు నీళ్లు నింపే ఆ ట్యాంకుల మూతలు ముందురోజే తీసి, గాలి కొట్టే బ్లోయర్లు పెడతారట. మీటర్‌లో ఆక్సిజన్ 20.9 దగ్గర నిలకడగా చూపిస్తే తప్ప ఎవరూ దిగరు. కన్నంలోంచి నడుం వంచి దూరితే లోపల చీకటి, బురద వాసన, ఉక్కపోత. సర్వేయర్ చిన్న సుత్తితో ఉక్కు మీద కొట్టుకుంటూ పోతాడు. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, తుప్పు పట్టినచోట మొద్దుగా మోగుతుంది. ఒకసారి ఆ దెబ్బకి పెనానికి మాడి అంటుకున్న అట్టులాగా పొరలు పొరలుగా రాలిపడిందట.

అప్పుడు గేజింగ్ కుర్రాళ్లు వస్తారు. ఉక్కు మీద జెల్ రాసి, స్కానింగ్ సెంటర్‌లో పొట్ట మీద పెట్టినట్టే ప్రోబ్ పెడతారు. అల్ట్రాసౌండ్‌తో మందం అంకె వస్తుంది. ఉదాహరణకి కట్టినప్పుడు 16 మిల్లీమీటర్లున్న ప్లేటులో నాలుగు దాకా తరుగు ఒప్పుకుంటారనుకుందాం. 13.2 వస్తే పర్వాలేదు. 12.7 వస్తే, ఒప్పుకున్న తరుగులో ముప్పాతిక భాగం దాటినట్టు. దానికి 'సబ్‌స్టాన్షియల్ కొరోజన్' అని పేరు పెట్టి, ఇకనుంచి ఆ చోటు ప్రతిసారీ కొలవాలంటారు. 12 కిందకి దిగితే ప్లేటు కోసి కొత్తది వేయాల్సిందే. సర్వేయర్ చాక్‌పీసుతో ఆ అంకె చుట్టూ సున్నా చుడుతుంటే చీఫ్ ఇంజినీర్ మొహం చూడాలంటాడు మావాడు. ఒక్కో సున్నా అంటే టన్నుల ఉక్కు, డాక్‌లో అదనపు రోజులు, కంపెనీ ఆఫీసు నుంచి చీవాట్లు.

ఇంతకీ ఆ గేజింగ్ కుర్రాళ్లని పిలిచిందెవరు? వాళ్ల కంపెనీని ఆమోదించేది క్లాసే, కానీ పనికి పిలిచేదీ బిల్లు కట్టేదీ ఓడ యజమాని. సర్వేయర్ ఫీజు కూడా ఆయనదే. నచ్చకపోతే ఇంకో సొసైటీకి మారే హక్కూ ఆయనకుంది. పరీక్ష రాసేవాడే పేపర్ దిద్దేవాడికి జీతమిస్తున్నాడన్నమాట.

మొదట్లో ఇలా ఉండేది కాదు. 1760లో లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ పేరు మీద నడిచిన కాఫీహౌస్‌లో ఈ పద్ధతి పుట్టినప్పుడు డబ్బు పెట్టింది బీమా చేసేవాళ్లు. మునిగితే నష్టం వాళ్లది కాబట్టి ఏ ఓడ ఎలా ఉందో పుస్తకం వేయించుకున్నారు. ఓడ ఒంటికి ఎ, ఇ, ఐ, ఒ, యు అని అక్షరాలు, తాళ్లూ లంగర్ల లాంటి సామగ్రికి తర్వాతి రోజుల్లో అంకెలు. మనం ఇవాళ 'ఏ వన్' అంటున్నది అక్కడిదే. ఆ గ్రేడింగ్ తమకి అన్యాయం చేస్తోందని ఓడల యజమానులు 1799లో పోటీగా సొంత పుస్తకం వేశారు. బీమావాళ్లది ఆకుపచ్చ పుస్తకం, యజమానులది ఎర్ర పుస్తకం. కొట్టుకుని కొట్టుకుని రెండూ దివాలా అంచుకొచ్చాక 1834లో ఒక్కటయ్యాయి. ఇవాళ ఫీజు యజమానిది, నష్టం వస్తే భరించేది చాలావరకు బీమా కంపెనీది.

దీని ఫలితం 1999 డిసెంబరులో ఫ్రాన్స్ తీరంలో కనిపించింది. ఎరికా అనే 1975 నాటి ట్యాంకర్ తుఫానులో రెండుగా విరిగి, దాదాపు 20 వేల టన్నుల నూనె బ్రిటనీ తీరం పాలైంది. పేర్లు మార్చుకుంటూ, చేతులు మారుతూ వచ్చిన ఓడ అది. ఏడాది కిందటే స్పెషల్ సర్వే అయింది, క్లాస్ కాగితం చెల్లుబాటులోనే ఉంది. దానికి క్లాస్ ఇచ్చిన ఇటలీ సొసైటీ రీనాని 2008లో పారిస్ కోర్టు దోషిగా తేల్చింది, 2012లో ఫ్రాన్స్ అత్యున్నత కోర్టు ఆ తీర్పుని నిలబెట్టింది. ఎరికా తర్వాత మూడేళ్లకి, 2002లో, స్పెయిన్ దగ్గర ప్రెస్టీజ్ అనే ట్యాంకర్ మునిగిన కేసులో మాత్రం అమెరికా కోర్టుల్లో దానికి క్లాస్ ఇచ్చిన ఏబీఎస్‌దే పైచేయి అయింది. రెండు దేశాల్లో రెండు న్యాయాలు. నాకు ఫ్రెంచి వాళ్ల దారే నచ్చుతుంది. సంతకానికి వెల ఉన్నప్పుడు దానికి పూచీ కూడా ఉండాలి.

అయినా ఈ పద్ధతి కూలిపోకుండా నడుస్తోంది. కారణం సర్వేయర్ల నిజాయితీ ఒక్కటే అంటే నేను నమ్మను. ఆ కాగితాన్ని డబ్బు పోగొట్టుకునే భయంతో చదివేవాళ్లు చాలామంది ఉన్నారు. క్లాస్ పోయిందంటే ఓడ బీమా ఆగిపోతుంది. మన పాశమైలారం మందుల కంపెనీ సరుకుకి చేయించే మెరైన్ పాలసీలో కూడా క్లాసిఫికేషన్ క్లాజ్ ఉంటుంది, క్లాస్ లేని ఓడకీ వయసు మీరిన ఓడకీ మామూలు ప్రీమియం వర్తించదు. ఓడ అద్దెకి తీసుకునేవాళ్లు పాత రిపోర్టులడుగుతారు. ఎల్‌సీ తెరిచిన బ్యాంకు అడుగుతుంది, నాకు బాగా గుర్తు. రేవులో ఆ దేశం తరఫున పరాయి ఓడల్ని తనిఖీ చేసే పోర్ట్ స్టేట్ కంట్రోల్ అధికారులు ఎక్కి చూసి, లోపముంటే ఓడని కదలనివ్వరు. పేరు మార్చినా, జెండా మార్చినా ఓడకి గుర్తింపుగా ఇచ్చే ఏడంకెల ఐఎంఓ నంబరు మాత్రం పుట్టినప్పటి నుంచి తుక్కయ్యేదాకా మారదు కాబట్టి పాత చరిత్ర వెంటే వస్తుంది. మన ఊళ్లో సెకండ్ హ్యాండ్ కారు కొనేవాడికి ఇంత సమాచారం దొరికితే ఎంత బాగుణ్ణు.

ఇక్కడే మన నీళ్ల సంగతి గుర్తొస్తుంది. సముద్రం లేకపోతేనేం, పడవ మునగడమంటే ఏమిటో హైదరాబాద్‌కి తెలుసు. 1990 మార్చి 10న హుస్సేన్‌సాగర్‌లో వందల టన్నుల బుద్ధ విగ్రహాన్ని మోస్తున్న బార్జి ఒరిగిపోయింది. కార్మికులు చనిపోయారు. విగ్రహం నీళ్లలోంచి లేచి నిలబడింది 1992 డిసెంబరులో. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. పోయినవాళ్లలో హైదరాబాద్ వాళ్లున్నారు, వరంగల్ పక్కన కడిపికొండ వాళ్లున్నారు. నెల దాటాక, అక్టోబరు 22న బోటుని బయటికి లాగారు. ఆ నెలంతా టీవీల్లో నడిచిన చర్చ ఏ శాఖ అనుమతి ఇచ్చిందన్నదే. బోటు ఎక్కే ముందు ఆ అనుమతి చూసే పని ఎవరికి పడింది అని ఎవరూ అడిగినట్టు లేదు.

1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. అందులో రిజిస్ట్రేషనూ ఉంది, సర్వే సర్టిఫికెట్టూ ఉంది, బీమా మాటా ఉంది. మంచిదే. నా అనుమానమల్లా కాగితం ఫైల్లోకి వెళ్లాక దాన్ని తెరిచేదెవరన్నది. టికెట్లమ్మే యాప్ అడగదు, స్కూల్ పిల్లల్ని పిక్నిక్‌కి తీసుకొచ్చే యాజమాన్యం అడగదు. సర్వే తేదీ, ఎంతమంది ఎక్కవచ్చు అన్నవి బోటు పక్కన రంగుతో రాయించి, గడువు దాటిన బోటుకి యాప్‌లో టికెట్ తెగకుండా చేస్తే పెద్ద ఖర్చేమీ కాదు. ఓడ మీద లోడు గీత, అంటే ఇంతకి మించి నీళ్లలోకి దిగకూడదని చెప్పే గుర్తు, ఉండాల్సిందేనని బ్రిటన్ ఎంపీ శామ్యూల్ ప్లిమ్సోల్ పట్టుబట్టి చట్టం చేయించింది 1876లో. గీత గీయడానికి టెక్నాలజీ కూడా అక్కర్లేదు.

మొన్నటి సెలవులో మావాడితో కలిసి పిల్లల్ని తీసుకుని నగరానికి కాస్త దూరంలో ఓ చెరువు మీద బోటింగ్‌కి వెళ్లాం. టికెట్లు తీసుకున్నాక వాడు క్యూలో నిలబడకుండా గట్టు చివరికెళ్లి, జనం ఎక్కుతున్న కొద్దీ నీళ్లు బోటు అంచుకి ఎంత దగ్గరికొస్తున్నాయో చూస్తూ కూర్చున్నాడు. నేను కౌంటర్‌కి వెళ్లి, సర్వే సర్టిఫికెట్ ఉందా తమ్ముడూ అని అడిగాను. "ఆఫీస్‌ల ఉంటది సార్. ఇంతవరకు ఎవ్వరడగలే" అన్నాడు ఆ పిల్లాడు, విసుగేమీ లేకుండానే. వెనక నుంచి మావాడు వచ్చి, "మామా, మనం ఎక్కుడొద్దు" అన్నాడు. పిల్లలు మూతి ముడిచారు. ఇచ్చిన టికెట్లు వాపసు తీసుకోబడవు అని కౌంటర్ మీద పెద్దక్షరాలతో రాసి ఉంది.