టెథర్ పొట్టిగా ఉండాలి

చెన్నైలో తెరచాప పడవ నేర్చుకుంటున్న మనవాళ్ళందరూ దయచేసి ఇది చదవండి. పోయిన ఆదివారం హార్బర్ దాటి వెళ్ళిన ఒక పడవలో నా చేతికి 2 మీటర్ల టెథర్ (మనిషి ఒంటి పట్టీని పడవకు కట్టి ఉంచే, హుక్ ఉన్న తాడు) ఇచ్చి, డెక్ అంచున ఉండే లైఫ్‌లైన్ తీగకు తగిలించుకోమన్నారు. ఎగిరిపడే మనిషి బరువును ఆపడానికి కాదు ఆ తీగ ఉన్నది. అదే అడిగితే, "కట్టుకున్నారుగా సార్, ఏం కాదు" అన్నారు. నాకింకా కోపం తగ్గలేదు.

మా తాతయ్య ఆవును చేను గట్టున మేపేటప్పుడు పలుపు పొడవు చూసుకుని గుంజ పాతేవాడు. ఆవు నోరు వరికి అందకూడదు, అంతే. పడవలోనూ అదే లెక్క. 40 అడుగుల పడవ వెడల్పు సుమారు 12, 13 అడుగులు. నట్టనడుమ నిలబడ్డా అంచు ఆరడుగుల దూరమే. 2 మీటర్ల టెథర్, అంటే ఆరున్నర అడుగులది, మనల్ని నీళ్ళలో పడనిస్తుంది, ఆ తర్వాత పడవ మనల్ని పక్కనే ఈడ్చుకుపోతుంది. 2011లో ఇంగ్లిష్ ఛానల్‌లో 'లయన్' అనే పడవ స్కిప్పర్ అలాగే పోయారు. టెథర్‌తో పడవకు కట్టుకునే ఉన్నారు. అయినా మునిగిపోయారు.

అందుకే అటూ ఇటూ తిరిగేటప్పుడు 1 మీటరు టెథరే వాడండి. పొట్టిదీ పొడుగుదీ కలిసి వచ్చే రెండు కాళ్ళ టెథర్ అయితే ఇంకా మంచిది. కొత్త చోట హుక్ తగిలించాకే పాతది తియ్యొచ్చు. టెథర్ హుక్ తగిలించడానికి డెక్ మీద ముందు నుంచి వెనక దాకా వేసే జాక్‌లైన్ వీలైనంత నడుమకు, బిగువుగా ఉండాలి. గుండ్రటి తాడు, ఉక్కు తీగ కాలి కింద దొర్లుతాయి, కాబట్టి బల్లపరుపు పట్టీయే వెయ్యాలి. నైలాన్ సాగుతుంది, పాలిస్టర్ నయం. మన చెన్నై ఎండకు ఏ పట్టీ అయినా పాడవుతుంది, తిరిగొచ్చాక విప్పి లోపల పెట్టండి.

హుక్ సంగతి కూడా చూడండి. 2017లో కేప్‌టౌన్ నుంచి ఫ్రీమాంటిల్ వెళ్తున్న ఒక రేసు పడవలో, నీళ్ళలో పడ్డ మనిషి హుక్ డెక్ మీది క్లీట్ (తాళ్ళు చుట్టి కట్టే కొక్కెం) కింద ఇరుక్కుంది. పక్కకు లాగుడు పడి వంగి ఊడిపోయింది. ఆయన బతకలేదు. జాక్‌లైన్ చివరల దగ్గర హుక్ దూరి ఇరుక్కునే చోటు ఉందేమో వేలు పెట్టి చూడండి. ఒక్కసారి గట్టి కుదుపు తిన్న టెథర్‌ను మళ్ళీ వాడకండి.

వచ్చే ఆదివారం నా మీటర్ టెథర్ నేనే తీసుకెళ్తున్నా. ఇంట్లో ఇంకొకటి ఉంది, కావాల్సినవాళ్ళు అడగండి.